కాగితం కోసం బస్సెక్కే పని తప్పించాలంటే: యూనివర్సిటీ పాఠాన్ని, ఆఫీసు పనిని ఇంటర్నెట్‌లోకి తేవడం ఎలా

మీరు తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక యూనివర్సిటీలో గానీ, దాని కింద నడిచే డిగ్రీ కాలేజీలో గానీ పనిచేస్తున్నారనుకుందాం. పాఠం చెప్పేవారైనా, పరీక్షల సెక్షన్‌లో ఫైళ్లు చూసేవారైనా సరే, ఇది మీకోసమే. మా కాలేజీని కూడా ఆన్‌లైన్ చేయాలి అనుకోగానే చాలామంది స్మార్ట్ బోర్డుల కొటేషన్ల దగ్గర మొదలుపెడతారు. నేను వేరే చోట మొదలుపెట్టమంటాను. ఈ రోజు మీ ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లల్లో ఎంతమంది ఒక్క సంతకం కోసమో, "ఇంకా రాలేదు, వచ్చే వారం రండి" అనే ఒక్క మాట వినడానికో పలమనేరు నుంచి, సత్యవేడు నుంచి, నగరి నుంచి బస్సెక్కి వచ్చారో చూడండి. ఆ ప్రయాణం తప్పితే ఇంటర్నెట్ మనకు పనికొచ్చినట్టు. అది తప్పనప్పుడు ఎన్ని లక్షలు పెట్టి ఎన్ని తెరలు బిగించినా పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

మన ఊళ్లో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్ ఆన్‌లైన్‌లో దొరకడం వల్ల జనం తేదీ, టైమ్ ముందే తెలుసుకుని ఇంటి దగ్గర బయల్దేరుతున్నారు. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ సౌకర్యం ఇంకా సగం సగంగానే ఉంది. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2020లో సెంట్రల్ యూనివర్సిటీగా మారిన సంస్కృత విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, ఇవి కాక వెటర్నరీ, వేద విశ్వవిద్యాలయాలు, ఇన్ని ఉన్న ఊరికి పని మీద వచ్చే విద్యార్థి బ్రహ్మోత్సవాలప్పుడో తమిళుల పెరటాసి నెల శనివారం నాడో వస్తే బస్సులో నిలబడే చోటు కూడా ఉండదు, రాత్రికి ఉండిపోదామంటే గది దొరకదు, దొరికినా వాళ్ల నాన్న కట్టగలిగే రేటుకు దొరకదు. ఈ అవస్థను మనసులో పెట్టుకుని పని మొదలుపెట్టండి.

మొదటి పని: ఒక వారం కౌంటర్ దగ్గర కూర్చోండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. వచ్చిన ప్రతి ఒక్కరూ దేనికి వచ్చారో ఒక్క ముక్కలో రాయండి. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), టీసీ, మైగ్రేషన్, బోనఫైడ్, హాల్ టికెట్‌లో ఫోటో తప్పు, ఫీజు కట్టినా కట్టలేదని చూపించడం, ఇంటర్నల్ మార్కులు పడకపోవడం, రీవాల్యుయేషన్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. పక్కనే రెండు గీతలు పెట్టుకోండి, మనిషి నిజంగా రావలసిన పని ఒకటి, సమాచారం తెలిస్తే రానక్కర్లేని పని ఇంకొకటి. రెండో గీత కింద చేరే పేర్లు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఏ తేదీ, ఎంత ఫీజు, ఏ కాగితాలు, ఎవరిని అడగాలి అనే నాలుగు ప్రశ్నలకే రోజంతా సమాధానం చెప్పి సెక్షన్‌లో వాళ్లు అలిసిపోతుంటారు, అసలు ఫైళ్లు కదలకపోవడానికి అదీ ఒక కారణమే.

ఈ పని చేసేటప్పుడు సీనియర్ సూపరింటెండెంట్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ రెగ్యులేషన్ కింద చేరిన బ్యాచ్‌కి ఏ రూలు వర్తిస్తుందో, మధ్యలో కాలేజీ మారిన వాళ్ల మార్కులు ఏ రిజిస్టర్‌లో ఉంటాయో వాళ్ల బుర్రలో ఉంటుంది. ఆ జ్ఞానం కాగితం మీదికి, అక్కణ్నుంచి వెబ్‌సైట్ మీదికి రావాలంటే వాళ్లకు గౌరవం ఇచ్చి అడగాలి. కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లను తెచ్చి పెద్దవాళ్లను మూలన కూర్చోబెట్టిన చోట సాఫ్ట్‌వేర్ వచ్చింది గానీ పని ముందుకు సాగలేదు.

రెండో పని: ఒక్కో సర్టిఫికెట్‌కి ఒక్కో పేజీ

పీసీకి ఒక పేజీ, మైగ్రేషన్‌కి ఒక పేజీ. పేజీలో ఏం కావాలి, ఎంత కట్టాలి, ఎన్ని రోజుల్లో వస్తుంది, పోస్టులో పంపుతారా, ఆలస్యమైతే ఎవరికి మెయిల్ పెట్టాలి అన్నవి ఉంటే చాలు. తెలుగులో రాయండి, కింద ఇంగ్లీషులోనూ పెట్టండి. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు కూడా వస్తారు కాబట్టి వాక్యాలు చిన్నవిగా, తేలిగ్గా ఉండాలి.

పేజీని మామూలు టెక్స్ట్‌గా టైప్ చేయండి. నోటీసును ప్రింట్ తీసి, సంతకం పెట్టించి, ఫోన్‌తో వంకరగా ఫోటో తీసి, పీడీఎఫ్ చేసి పెట్టడం మనకు బాగా అలవాటైపోయింది. అలా పెట్టిన నోటీసు గూగుల్‌లో వెతికితే సరిగా దొరకదు, చిన్న ఫోన్‌లో చదవడానికి కళ్లు నొప్పి పుడతాయి, చూపు లేని విద్యార్థి ఫోన్ దాన్ని పైకి చదివి వినిపించలేదు. సంతకం ఉన్న ప్రతి కావాలంటే కింద జతచేయండి, కానీ విషయం మాత్రం టెక్స్ట్‌లో ఉండాలి. పైన తేదీ తప్పకుండా వేయండి. తేదీ లేని ఫీజు నోటీసు ఒకటి వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది, అది ఈ ఏడాదిదో పోయినేడాదిదో తెలియక ఊరంతా టెన్షన్. పేజీ లింకు మారకుండా చూసుకోండి. ఏటా కొత్త లింకు ఇస్తే పాతది పట్టుకుని తిరిగేవాళ్లు తిరుగుతూనే ఉంటారు, అదే పేజీలో కొత్త తేదీలు మారిస్తే సరిపోతుంది.

వెబ్‌సైట్ పేరు ఏసీ డాట్ ఇన్‌తో ముగిసేదైతే మంచిది. విద్యాసంస్థలకు ఆ పేర్లు ఇచ్చేది ఎర్నెట్ ఇండియా, ఎవరు పడితే వాళ్లు తీసుకోలేరు, అందుకే నకిలీ సైట్ల బెడద కొంత తగ్గుతుంది. దానితోపాటు మెయిల్ ఐడీలు కూడా పదవి పేరు మీద పెట్టుకోండి, మనిషి పేరు మీద వద్దు. హెచ్‌ఓడీ మారినా, పరీక్షల సెక్షన్‌లో మనిషి రిటైరైనా పాత ఉత్తరాలన్నీ తర్వాతి వాళ్లకు కనిపించాలి. ఒకరి సొంత జీమెయిల్‌లో డిపార్ట్‌మెంట్ చరిత్రంతా ఉండిపోయి, ఆ మనిషి ట్రాన్స్‌ఫర్ కాగానే ఏమీ దొరక్క నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) తనిఖీ ముందు రాత్రుళ్లు వెతుక్కునే పరిస్థితి చాలా కాలేజీల్లో ఉంది. గూగుల్ అర్హత ఉన్న విద్యాసంస్థలకు తన వర్క్‌స్పేస్‌లో మొదటి స్థాయిని ఉచితంగానే ఇస్తుంది, అప్లై చేసుకుని, అనుమతి వచ్చాక డొమైన్‌కి తగిలించుకోవచ్చు.

మూడో పని: అడ్మిషన్ రోజే పేరు సరిచూడండి

ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, లేదా ఒకదానిలో ముందు, ఇంకోదానిలో చివర ఉంటుంది. అమ్మాయిల విషయంలో పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారిపోతుంది. చేరేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. మూడేళ్ల తర్వాత డిజిలాకర్‌లో (సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్) డిగ్రీ కనబడదు, పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో క్రెడిట్లు ఎక్కవు, స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, అప్పుడు తిరగడం మొదలవుతుంది.

కాబట్టి అడ్మిషన్ల రోజుల్లో మామిడి కోతల మధ్య తీరిక చేసుకుని తల్లిదండ్రులు పిల్లలతో వచ్చినప్పుడే ఇలా చేయండి. పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే చేర్చుకోవడం ఆపకండి, ఒక స్లిప్పు మీద ఏది తేడా ఉందో రాసివ్వండి, ఆధార్ సెంటర్‌కి పదో తరగతి మెమో తీసుకెళ్లి సరిచేయించుకోమనండి, మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టేలోగా తెమ్మనండి. యూనివర్సిటీ రికార్డులోకి ఎప్పుడూ పదో తరగతి మెమోలో ఉన్న పేరే ఎక్కించండి. ఆధార్‌కి తగిలించిన ఫోన్ నంబరు పనిచేస్తోందా అని కూడా అడగండి, ఓటీపీ రావాలంటే అది కావాలి. చాలా ఇళ్లలో ఆ నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది.

తర్వాత పిల్లలందరికీ ఆ అకడమిక్ బ్యాంక్ ఖాతా నంబరు, అంటే ఏబీసీ ఐడీ తీయించండి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 జూలైలో మొదలైంది. ఐడీలో 12 అంకెలుంటాయి, డిజిలాకర్‌లోంచే తీసుకోవచ్చు, కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక మధ్యాహ్నం కూర్చోబెడితే క్లాసు మొత్తానికి అయిపోతుంది. ఒక కాలేజీ మానేసి ఇంకో కాలేజీలో చేరినా, మధ్యలో ఒక ఏడాది ఇంటి పరిస్థితి బాగోలేక ఆగిపోయినా, పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు ఆ ఖాతాలో ఉంటాయి. పెళ్లి వల్ల చదువు ఆగిపోయిన అమ్మాయికి ఇది ఎంత విలువైనదో ఆలోచించండి.

డిజిలాకర్ 2015లో వచ్చింది. అందులో జారీ అయిన డిగ్రీ, మార్కుల మెమోకి కాగితం ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంటుందని కేంద్రం నిబంధనలే చెప్తున్నాయి. మీ యూనివర్సిటీ, సర్టిఫికెట్లను ఆన్‌లైన్‌లో దాచే నేషనల్ అకడమిక్ డిపాజిటరీలోకి డిగ్రీలు ఎక్కిస్తే, బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం వచ్చిన కుర్రాడి సర్టిఫికెట్ అసలుదా కాదా అని కంపెనీ వాళ్లు మనకు ఉత్తరం రాసి, మనం రిజిస్టర్ వెతికి జవాబు రాసే పని తగ్గిపోతుంది. కొత్త బ్యాచ్‌లతో మొదలుపెట్టి ఒక్కో ఏడాదీ వెనక్కి వెళ్లండి. మొత్తం ఒకేసారి చేద్దామని కూర్చుంటే ఏదీ పూర్తికాదు.

నాలుగో పని: పాఠం

2020లో కరోనా వచ్చినప్పుడు అందరం హడావుడిగా జూమ్‌లో పాఠాలు చెప్పాం, సిగ్నల్ కోసం పిల్లలు మిద్దెలెక్కారు, చెట్ల కింద కూర్చున్నారు. అప్పుడు చేసినదాన్నే ఆన్‌లైన్ బోధన అనుకుని, దాన్ని తలుచుకుని ఇప్పుడు వద్దనేవాళ్లున్నారు. క్లాసు గదిలో మీరు మనిషిగా ఎదురుగా నిలబడి చెప్పే పాఠాన్ని అలాగే ఉంచుకోండి. క్లాసుకు ముందూ తర్వాతా జరిగేదాన్ని ఇంటర్నెట్‌కి అప్పగించండి.

ముందు సెమిస్టర్ ప్లాన్ పెట్టండి, ఏ వారం ఏ యూనిట్, ఏ తేదీన ఇంటర్నల్, ఏ పుస్తకంలో ఏ అధ్యాయం. దీనికి గూగుల్ క్లాస్‌రూమ్ చాలు. యూనివర్సిటీకి సొంత సర్వర్, చూసుకునే మనిషి ఉంటే మూడుల్ పెట్టుకోండి, 2002 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది, క్వశ్చన్ బ్యాంక్ ఒకసారి ఎక్కిస్తే ఒక్కో విద్యార్థికి ఒక్కో రకంగా ప్రశ్నలు తీసి ఇస్తుంది, బిట్ పేపర్ దిద్దే పని కూడా అదే చేస్తుంది. ఆ మిగిలిన టైమ్‌లో వ్యాసరూప జవాబులు శ్రద్ధగా దిద్ది, ఎందుకు మార్కు తగ్గిందో రెండు ముక్కలు రాయండి. పిల్లలకు అన్నిటికంటే తక్కువగా దొరికేది అదే.

వీడియోలు చేయాలనుకుంటే గంట పాఠం రికార్డు చేసి పెట్టకండి, ఎవరూ చూడరు. క్లాసులో పిల్లలు ఎప్పుడూ తడబడే చోటు ఒకటుంటుంది కదా, ఒక లెక్కలో ఒక మెట్టు, వ్యాకరణంలో ఒక సంధి, ఆ ఒక్కదాని మీద ఎనిమిది పది నిమిషాలు చెప్పి యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లే చూసేట్టు) పెట్టి లింకివ్వండి. సాహిత్యం, చరిత్ర లాంటివాటికి ఆడియో ఇంకా మేలు. 64 కేబీపీఎస్‌లో రికార్డు చేస్తే గంట మాటకి 30 ఎంబీలోపే అవుతుంది, బస్సులో వింటూ రావచ్చు. నోట్స్ స్కాన్ చేసేటప్పుడు నలుపు తెలుపులో, 150 నుంచి 200 డీపీఐ మధ్య పెడితే అక్షరం స్పష్టంగానే ఉంటుంది, ఫైలు తేలికవుతుంది. పెట్టే ముందు మీ ఫోన్‌లో కాకుండా ఇంట్లో అన్నిటికంటే పాత ఫోన్‌లో, వైఫై ఆపేసి తెరిచి చూడండి.

ఇంకో మాట, ఇది అమ్మాయిలకు పాఠం చెప్పేవాళ్లు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. చాలా ఇళ్లలో ఫోన్ అన్నదో నాన్నదో, వాళ్లు పని నుంచి వచ్చాక రాత్రి ఓ గంట చేతికి దొరుకుతుంది. సాయంత్రం ఆరుకు అసైన్‌మెంట్ ఇచ్చి రాత్రి తొమ్మిదికల్లా పంపమంటే ఆ పిల్ల ఎలా పంపుతుంది? గడువు కనీసం రెండు రాత్రులు ఉండేట్టు పెట్టండి. కాలేజీ ల్యాబ్‌ను సాయంత్రం బస్సు టైమ్ దాకా తెరిచి ఉంచండి. చేత్తో రాసి ఇచ్చినా తీసుకోండి.

వాట్సాప్ గ్రూపు పెడితే అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేట్టు పెట్టండి. అలా పెట్టినా గ్రూపులో ప్రతి ఒక్కరి నంబరు అందరికీ కనిపిస్తుంది, దాని వల్ల అమ్మాయిలు పడే వేధింపు మన దాకా రాదు, వాళ్లు చెప్పుకోరు, మెల్లగా గ్రూపులోంచి వెళ్లిపోతారు, దాంతో నోటీసులు అందవు. వాట్సాప్‌లోనే ఛానెల్ అనేది ఉంది, దాన్ని ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. నోటీసులకు అదే వాడండి.

ఐదో పని: ఇప్పటికే ఉన్న పాఠాలను, పుస్తకాలను వాడుకోండి

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్ 2017లో వచ్చింది. ఒక సెమిస్టర్‌లో ఉన్న కోర్సుల్లో 40 శాతం దాకా అలాంటి ఆన్‌లైన్ కోర్సులతో పూర్తిచేయడానికి 2021 నాటి యూజీసీ నిబంధనలు వీలిచ్చాయి. చేరడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు, పాసవ్వాలంటే వాటిలో వరుసగా కనీసం 10, 30 రావాలి. మీ కాలేజీలో ఒక సబ్జెక్టుకు లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంటే ఇది నిజంగా ఆదుకుంటుంది.

కానీ ఒక జాగ్రత్త. ఏ కోర్సును ఏ పేపర్‌కి బదులుగా లెక్కేస్తారో సెమిస్టర్ మొదలుకాకముందే సిలబస్ నిర్ణయించే కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో తేల్చి, రాతపూర్వకంగా నోటీసు పెట్టండి. పిల్లాడు 12 వారాలు కష్టపడి పాసై వచ్చాక "ఇది మన సిలబస్‌కి సరిపోదు" అనడం అన్యాయం. ఆ కోర్సులు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి వారానికి ఒక గంట మీరు కూర్చుని తెలుగులో సందేహాలు తీర్చండి. అలా కూర్చునే లెక్చరర్ లేని చోట చేరినవాళ్లలో చాలామంది మధ్యలోనే వదిలేస్తారు.

లైబ్రరీ విషయానికొస్తే, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి 1 నుంచి నడుస్తోంది. 30 పెద్ద ప్రచురణ సంస్థల 13 వేల దాకా జర్నళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే మీ లైబ్రేరియన్‌ని అడిగి రిజిస్టర్ అయ్యిందో లేదో ఇవాళే కనుక్కోండి, కాకపోతే చేయించండి. ఒకప్పుడు ఒక్క వ్యాసం కోసం రీసెర్చ్ స్కాలర్లు హైదరాబాదు, బెంగళూరు వెళ్లొచ్చేవాళ్లు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, యూనివర్సిటీలు ఎక్కించిన పీహెచ్‌డీ థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ ఎవరైనా చూడొచ్చు. టాపిక్ ఎంచుకునే ముందు శోధ్‌గంగలో ఆ అంశం మీద ఎవరు ఏం చేశారో చూసి రెండు పేజీలు రాసుకు రమ్మని ప్రతి స్కాలర్‌కీ చెప్పండి. తెలుగు, సంస్కృతం, చరిత్ర చదివేవాళ్లకు టీటీడీ ఈ-బుక్స్ సైట్‌లో ఉచితంగా పెట్టిన ప్రచురణలు పెద్ద నిధి. ఇంటి పక్కనే ఉన్నా మనవాళ్లకే తక్కువ తెలుసు.

ఆరో పని: తెలుగును యూనికోడ్‌లోకి తెచ్చుకోండి

తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లు, తెలుగు మీడియంలో చెప్పేవాళ్లు దీన్ని వాయిదా వేయకండి. ఏళ్ల తరబడి మన మెటీరియల్, ప్రశ్నపత్రాలు, థీసిస్‌లు బాలాజీ కాలనీ వైపు డీటీపీ సెంటర్లలో అను స్క్రిప్ట్ అనే పాత ఫాంటు సాఫ్ట్‌వేర్‌లో టైపయ్యాయి. ఆ ఫైలు ఇంకో కంప్యూటర్‌లో ఫాంటు లేకుండా తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, గూగుల్‌లో వెతికితే దొరకదు, ఫోన్ చదివి వినిపించలేదు, కాపీ కొట్టారో లేదో చూసే సాఫ్ట్‌వేర్‌కి అది తెలుగు అనే తెలియదు. అంటే మన వాళ్ల జీవితకాలపు పరిశోధన శోధ్‌గంగలో ఉండి కూడా ఎవరికీ కనబడకుండా ఉందన్నమాట. నాకు దీని గురించి బాధగా ఉంటుంది.

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. కొత్తగా టైప్ చేసేదంతా యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) చేయమని డీటీపీ సెంటర్‌కి ముందే చెప్పండి. ఫాంట్ల అందం గురించి దిగులక్కర్లేదు, మండలి, రామభద్ర, సూరన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి, మన కాళహస్తి కవి ధూర్జటి పేరు మీద కూడా ఒక ఫాంటుంది. సొంతంగా టైప్ చేయాలంటే విండోస్‌లో తెలుగు కీబోర్డు జోడించుకోవచ్చు, ఫోన్‌లో జీబోర్డ్ పెట్టుకుని మైకు నొక్కి మాట్లాడినా టైపవుతుంది. పాత అను ఫైళ్లకు మార్పిడి టూల్స్ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. కాగితం మాత్రమే మిగిలినవాటిని వంకర లేకుండా స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు టెక్స్ట్‌గా వస్తాయి. వచ్చినదాన్ని మనిషి కూర్చుని చదివి దిద్దాలి, ఒత్తుల దగ్గర, బండి ర దగ్గర, అరసున్న దగ్గర తప్పులు పడతాయి. ఎంఏ పిల్లలకు తలా ఇరవై పేజీలు ప్రాజెక్టుగా ఇవ్వండి, దిద్దడంలోనే వాళ్లకు సగం భాష వస్తుంది. ప్రచురణ హక్కు ఉన్న పుస్తకాన్ని మాత్రం అనుమతి లేకుండా పెట్టకండి.

ఏడో పని: ఫీజులు, రహస్యాలు, బ్యాకప్

ఫీజు ఎప్పుడూ యూనివర్సిటీ అధికారిక పేమెంట్ పేజీలోనే కట్టించండి. ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకైనా పంపమన్నారంటే అది మోసమని నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. డబ్బు పోయి రసీదు రాకపోతే ఏ మెయిల్‌కి ట్రాన్సాక్షన్ నంబరు పంపాలో అదే పేజీలో ఉండాలి, అలా పంపినవాళ్ల మీద ఆలస్య రుసుము వేయకూడదు. రిజల్ట్స్ వచ్చే రోజుల్లో "మార్కులు పెంచుతాం" అని ఫోన్లు వస్తాయి. డబ్బు పోగొట్టుకున్న పిల్లలు సిగ్గుతో ఇంట్లో చెప్పరు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని క్లాసులో చెప్పండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మెరిట్ లిస్టులో పిల్లల ఫోన్ నంబరు, ఆధార్, ఇంటి అడ్రసు పెట్టి బహిరంగంగా వెబ్‌సైట్‌లో వదిలేయడం ఎన్నో చోట్ల చూశాను. అది వెంటనే ఆపేయాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం కూడా వచ్చింది. లిస్టులో హాల్ టికెట్ నంబరు లేదా అప్లికేషన్ నంబరు ఉంటే చాలు. మార్కులు చూసుకోవడానికి హాల్ టికెట్ నంబరుతో పాటు పుట్టిన తేదీ కూడా అడిగేట్టు పెట్టండి. మార్కులు ఎక్కించే లాగిన్ ఎవరితోనూ పంచుకోకూడదు, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి, పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కి అంటించకండి. ఎవరు ఎప్పుడు ఏ మార్కు మార్చారో సిస్టమ్‌లో నమోదవ్వాలి, ఇది నిజాయితీగా పనిచేసే ఉద్యోగికే పెద్ద రక్షణ.

2021 నవంబరులో కురిసిన వానలకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి గుర్తుంది కదా. కింది అంతస్తులో బీరువాల్లో ఉన్న మార్కుల రిజిస్టర్ల గురించి అప్పుడైనా ఆలోచించాల్సింది. పాత రిజిస్టర్లు స్కాన్ చేయించండి, ఒక కాపీ సర్వర్‌లో, ఒకటి వేరే భవనంలో హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో ఉంచండి. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌లోంచి ఒక పాత ఏడాది మార్కులు తెరిచి నిజంగా తెరుచుకుంటోందా లేదా చూడండి. తెరవకుండా నమ్ముకున్న బ్యాకప్ అవసరానికి రాకపోవచ్చు.

ఏవి ఆన్‌లైన్‌లోకి తేకూడదు

ల్యాబు, ఫీల్డ్ వర్క్, వైవా ఎదురెదురుగానే జరగాలి. హాజరు తక్కువైన పిల్లను పిలిచి ఎందుకు రావడం లేదని అడిగే పని మెసేజ్‌తో చేయకండి, కండొనేషన్ ఫీజు (తగ్గిన హాజరును మన్నించడానికి కట్టేది) కట్టమని ఆటోమేటిక్‌గా వచ్చే ఎస్సెమ్మెస్ చూసి చదువే మానేసేవాళ్లుంటారు. ఆ పిల్ల తల్లి ఆసుపత్రిలో ఉందేమో, తమ్ముడి ఫీజు కోసం తనే పనికి వెళ్తోందేమో, అది మనిషి అడిగితేనే బయటపడుతుంది. అలాగే కౌంటర్‌ని పూర్తిగా మూసేయకండి. ఫోన్ లేనివాళ్లో, కొడుకు సర్టిఫికెట్ కోసం చదువు రాని తండ్రో వచ్చినప్పుడు వాళ్ల తరఫున ఆన్‌లైన్‌లో నింపి ఇచ్చే ఒక మనిషి అక్కడ ఉండాలి, బయట నెట్ సెంటర్‌లో డబ్బు కట్టి నింపించుకోవాల్సిన పరిస్థితి వాళ్లకు రాకూడదు.

మొదటి సెమిస్టర్‌లో ఇన్నీ పెట్టుకోకండి. సర్టిఫికెట్ పేజీలు, పేరు సరిచూడడం, నోటీసుల ఛానెల్, ఈ మూడూ చేయండి. సెమిస్టర్ చివర మళ్లీ ఒక వారం అదే కౌంటర్ దగ్గర అదే నోట్‌బుక్‌తో కూర్చుని, ఇంకా దేనికోసం బస్సెక్కి వస్తున్నారో రాసుకోండి. తర్వాతి సెమిస్టర్ పని అందులోంచి తీసుకోండి. ప్రతి నెలా ఒకటో తేదీన ఒక క్లర్కు, ఒక విద్యార్థి కలిసి కూర్చుని వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి లింకూ నొక్కి, పనిచేయనివి, తేదీ దాటిపోయినవి రాసి ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టేట్టు ఇప్పుడే ఒక ఆర్డర్ వేయించండి.